పద్దెనిమిది టన్నుల మాట

ఆగస్టు 2

బావా,

ఇక్కడ మనుషులం బాగానే ఉన్నాం. బాగా లేనిది నా బుల్‌డోజరు, గున్న. అందుకే ఈ ఉత్తరం.

సోమవారం దాన్ని ఊబిలో దింపాను. దిగిపోయింది అని రాయొచ్చు, కానీ నడిపింది నేనే. ఆనకట్ట తలుపులు మూసి నీళ్ళు నిలబెట్టేలోపు లోయ అడుగున ఉన్న మొద్దులన్నీ పెకలించి గట్టుకు చేర్చడం నా పని. అన్నీ అయ్యాయి. ఒక్క పెద్ద మొద్దు మిగిలింది. వదిలేసినా అడిగేవాడు లేడు. పైన మట్టి ఎండి పెచ్చు కట్టింది, గట్టి నేలే అనుకున్నాను. సగం దూరం పోయాక పెంకులా విరిగింది. వెనక్కి తీద్దామని చూస్తే చైన్లు ఉన్నచోటే తిరిగి ఇంకా లోతుకు తవ్వుకున్నాయి. ఇప్పుడు బురద సీటు కింద దాకా ఉంది. ముందు బ్లేడు కనబడటం లేదు.

నీళ్ళు ఎంతవరకు వచ్చాయో తెలియడానికి ఆఫీసువాళ్ళు వరసగా తెల్ల గుంజలు పాతారు. ఇవాళ నీళ్ళు రెండో గుంజ దగ్గర ఉన్నాయి. గున్న ఆరో గుంజ దగ్గర. సెప్టెంబరు ఏడు, ఎనిమిది తేదీలకు అక్కడికి వస్తాయని ఇంజనీరమ్మ లెక్క కట్టింది.

గున్న పోతే నా పని పోయినట్టే బావా. యాభై ఏడేళ్ళవాడికి ఎవరూ కొత్త మిషను తాళం ఇవ్వరు. పాత మిషను ఉంది కాబట్టి పాత డ్రైవరుకు పని ఉంది.

ఇక అడగవలసింది. గట్టు మీద నేల గట్టిది. మీ మిషను ముసలమ్మను అక్కడ నిలబెట్టి, గున్న వెనక కప్పీ కట్టి, వైరు తాడు ఒక కొస బండకు బిగించి రెండో కొస ముసలమ్మ లాగితే లాగుడు రెండింతలవుతుంది. మీ పద్దెనిమిది టన్నులు ముప్పై ఆరవుతాయి. నాది పదకొండే అని పెళ్ళిలోనూ చావులోనూ చెప్పి నవ్వించారు కదా, ఇప్పుడు ఆ మిగిలిన ఏడు టన్నుల పని పడింది.

రోడ్డు కాంట్రాక్టరు దగ్గర రెండు కొత్త మిషన్లున్నాయి, వించిలతో సహా. ఇరవయ్యో తేదీలోపు ఎప్పుడంటే అప్పుడు లాగిపెడతానన్నాడు. మంచివాడే. కానీ ఆయన డ్రైవర్లకు తాడు మీద మెల్లగా బిగువు తేవడం రాదు. ఒక్క గుంజు గుంజుతారు. కొక్కెం ఊడి వాళ్ళ చేతికొస్తుంది, మిషను నా చేతికి రాదు. మీరు వస్తానంటే ఆయనకు వద్దని చెబుతాను.

అక్కను అడిగానని చెప్పండి. మీ చెల్లెలు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే భయంగా ఉంది.

మీ బామ్మర్ది


ఆగస్టు 6

ఏరా పదకొండూ,

నీ ఉత్తరం మీ అక్క చదువుతుంటే విన్నాను. మధ్యలో రెండుసార్లు నవ్వాను, రెండుసార్లూ తిట్లు తిన్నాను.

ఊబిలో వెనక్కి తీసేవాడిని నిన్నే చూశాను. చైను జారగానే గేరు తీసి కిందికి దిగాలి, దిగి బీడీ కాల్చుకోవాలి. మామయ్య మనిద్దరికీ నేర్పింది అదొక్కటే. నువ్వు ఆయన కొడుకువి, నేను అల్లుణ్ణి. ఎవరు నేర్చుకున్నారో తెలుస్తూనే ఉంది.

సరే, వస్తాను. ముసలమ్మ నాలుగు నెలల నుంచి షెడ్డులో ఖాళీగా కూర్చుని ఉంది. నిన్న పిల్ల ఇంజనుకు పెట్రోలు పోసి తాడు లాగితే మూడోసారికి అందుకుంది, అది తిరిగి పెద్ద ఇంజనును లేపింది. పొగ చూసి పక్కింటివాళ్ళు ఇల్లు తగలబడిందనుకున్నారు.

కొత్త మిషన్లను దగ్గరికి రానివ్వకు. అవన్నీ రంగే. ఆ రోజు యార్డులో మామయ్య మన రెండు మిషన్లనూ, ఎన్ని టన్నులు లాగుతాయో చూపే లాగుడు గడియారానికి కట్టించినప్పుడు నీ గున్న పదకొండు దగ్గర చైన్లు జార్చేసింది. నాది పద్దెనిమిది దగ్గర కూడా జారలేదు. గడియారం పగులుతుందని మామయ్యే చెయ్యెత్తి ఆపించాడు. ఆ పద్దెనిమిది ఎక్కడికీ పోలేదు. ట్రైలరు దొరకగానే బయలుదేరతాను.

నీ బావ

తమ్ముడూ, ఈయన పొద్దుటి నుంచీ మిషను కిందే ఉన్నారు. నడుము పట్టేసి లేవలేకపోతే నేనే కాళ్ళు పట్టి లాగాను. ఎన్ని టన్నులో గడియారం లేదు కాబట్టి తెలియదు. నువ్వు దిగులు పెట్టుకోకు. అక్క.


ఆగస్టు 11

బావా,

మీ ఉత్తరం చేరింది. మీ చెల్లెలు వారం రోజులకు నవ్వింది, అక్క రాసిన దానికి.

కాంట్రాక్టరుకు వద్దని చెప్పేశాను. మర్యాదగానే చెప్పాను. "మా బావ మిషను వస్తోంది, పద్దెనిమిది టన్నులు లాగుతుంది" అన్నాను. "అలాంటి మిషను ఉంటే మా వాటికి సెలవే" అని నవ్వి వెళ్ళిపోయాడు. ఇక్కడ అందరూ ఇప్పుడు మిమ్మల్ని పద్దెనిమిది బావ అంటున్నారు. టీ కొట్టు ఆయన కూడా ఎప్పుడొస్తాడని అడుగుతున్నాడు.

ఒక్క ఇంజనీరమ్మే తల అడ్డంగా ఊపింది. గడకర్రతో బురద లోతు చూసి, గున్నను కదపడానికి ముప్పై టన్నులు కావాలంది. మీ మిషను బరువెంత అని అడిగింది. పదిహేడు అన్నాను. పదిహేడు టన్నుల మిషను పద్దెనిమిది లాగడం మట్టి నేల మీద జరగదంది. "ఎంత ఇంజనున్నా పట్టు దొరికేది బరువును బట్టేనండీ. వంద కిలోల మిషను డెబ్బై అయిదు లాగితే గొప్ప" అంది. ఆ లెక్కన మీది సుమారు పన్నెండున్నరట.

"అమ్మా, మీరు పుస్తకంలో చూశారు, నేను గడియారంలో చూశాను" అన్నాను. చిన్నగా నవ్వింది. మిషను దిగబడినందుకు కాదు గానీ ఆ నవ్వు చూసి ఒళ్ళు మండింది. మీరొచ్చి లాగేటప్పుడు ఆమెను గట్టు మీదే కుర్చీ వేసి కూర్చోబెడతాను.

నీళ్ళు మూడో గుంజకు రెండు గజాల ఇవతల ఉన్నాయి. కప్పీ దొరికింది. వైరు తాడు పాతదే గానీ పోగులు తెగలేదు. త్వరగా రండి.

మీ బామ్మర్ది


ఆగస్టు 12

ఒరేయ్,

నీ జవాబు రాకముందే ఇది రాస్తున్నాను. ఆ కాంట్రాక్టరును అప్పుడే పంపించెయ్యకు. ముందు వాళ్ళను లాగనీ. కొక్కేనికి బదులు వెనక ఇరుసుకు గొలుసు చుట్టి కట్టించు, ఊడదు. డ్రైవర్ల పక్కన నువ్వే నిలబడి చేత్తో సైగ చెయ్యి.

పద్దెనిమిది అన్నది ఆ రోజు, ఆ నేల మీద మాట. మీ గట్టు మీద ఏం మట్టో నేను చూడలేదు. ముసలమ్మ చైన్ల పళ్ళు కూడా అరిగాయి.

ట్రైలరు ఇంకా దొరకలేదు. నేను రానని కాదు.

నీ బావ


ఆగస్టు 17

బావగారికి,

మీ పన్నెండో తేదీ ఉత్తరం చేరింది. మూడుసార్లు చదివాను.

మిషను ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ ముక్క రాయవచ్చు. మట్టి మీద, చైన్ల పళ్ళ మీద పెట్టనక్కర్లేదు. ముప్పై ఏళ్ళు భోజనానికి కూర్చుంటే చాలు, నంజుకున్నట్టు ఆ పద్దెనిమిదే నంజుకున్నారు. నా పెళ్ళికి వచ్చినవాళ్ళకు నన్ను పదకొండు అని పరిచయం చేశారు. నేనూ నవ్వాను. అక్క మొగుడు కాబట్టి నవ్వాను. ఇప్పుడు ఒక్కసారి ఆ పద్దెనిమిది చూపించండి అంటే నేల మంచిది కాదంటున్నారు.

కాంట్రాక్టరు మిషన్లు మొన్న పదిహేనో తేదీనే వెళ్ళిపోయాయి. నాకు అక్కర్లేదన్నాను కదా, అయిదు రోజులు ముందే ఎక్కించుకున్నాడు. అవి ట్రైలరు మీద వెళుతుంటే నేను దారి పక్కనే నిలబడ్డాను. డ్రైవరు ఒకడు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

నీళ్ళు మూడో గుంజ దాటాయి. రాకపోతే రానని ఒక్క ముక్క రాయండి. చూస్తూ కూర్చోను.

అక్కకు ఈ ఉత్తరం చదివి వినిపించనక్కర్లేదు.

ఇట్లు


ఆగస్టు 22

బామ్మర్దీ,

సంతకం లేకుండా ఉత్తరం రాశావు. రాయవలసిందే. ఇది మొత్తం చదువు. మధ్యలో పడెయ్యకు.

ఇంజనీరమ్మ చెప్పింది నిజం. ముసలమ్మ లాగేది పన్నెండున్నరే. అంతకంటే ఎప్పుడూ లాగలేదు.

ఆ యార్డులో గడియారం పెట్టిన చోట అంతకుముందు కంకర పోసుకోవడానికి వేసిన కాంక్రీటు నేల ఉండేది. నువ్వు అప్పటికి ఇంకా పనిలో చేరలేదు. దాని మీద మట్టి కప్పి చదును చేసింది నేనే, ఈ ముసలమ్మతోనే. ఆ కాంక్రీటు అంచు ఎక్కడుందో నాకు తెలుసు. నా వంతు వచ్చినప్పుడు చైన్ల పళ్ళు సరిగ్గా ఆ అంచుకు ఆనేలా నిలబెట్టాను. మెట్టుకు కాలు తన్నిపెట్టి లాగినట్టు. మిషను లాగలేదు, నేల మోసింది. నీ గున్నను పక్కన వట్టి మట్టి మీద నిలబెట్టారు. దాని బరువుకు అది లాగిన పదకొండు తక్కువేం కాదు, నాదాంతో సమానం.

గెలిచినవాడికి ముందు వరస పని, అందరికంటే ముందు నడిచే మిషను పని, ఇస్తానన్నాడు మామయ్య. నాకు ఆ పని కావాలి. అంతే. మరుసటి వారం చెప్పేద్దామనుకున్నాను. మరుసటి వారం మామయ్య నన్ను ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆ తర్వాత ఆ పద్దెనిమిదికి మీ ఇంట్లో పీట వేసేశారు. చెప్పడానికి చోటు దొరకలేదు. తర్వాత్తర్వాత నాకే అది నిజంలా అయింది. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు కూడా, చూడు, చెయ్యి తడబడకుండా అదే రాశాను. గొప్పలకు పోతే తిప్పలు అంటారు. తిప్పలు నీకొచ్చాయి, గొప్పలు నావి.

పన్నెండో తేదీన చెప్పాలనే కూర్చున్నాను. చేతకాక మట్టి గురించి రాశాను.

పన్నెండున్నర రెండింతలైతే ఇరవై అయిదు. ముప్పైకి అయిదు తక్కువ. గున్న వెనక వైపు చైన్ల చుట్టూ తవ్వి, కర్రలు పరిచి పెట్టు, బురద పట్టు కొంత తగ్గుతుంది. ట్రైలరు దొరికింది. మూడు రోజుల్లో బయలుదేరతాను. చాలదని తెలిసే వస్తున్నాను.

నీ బావ

తమ్ముడూ, నాకూ నిన్ననే చెప్పారు. అన్నం ముందు కూర్చుని చెప్పారు. పద్దెనిమిది టన్నులని నేను పెళ్ళి చేసుకోలేదు, నాన్న చేసుకోమంటే చేసుకున్నాను. కానీ ఆరో తేదీన చెప్పి ఉంటే నీ మిషను గట్టు మీద ఉండేది. అదే ఈయనతో అన్నాను. అప్పటి నుంచి మాట్లాడటం లేదు, నేను కాదు, ఆయన. అక్క.


ఆగస్టు 28

బామ్మర్దీ,

ఇది మీ దారిన వచ్చే బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. నువ్వున్న చోటికి ఇంకా నూట అరవై కిలోమీటర్ల దూరంలో ఒక వంతెన దగ్గర ఆగిపోయాం.

వంతెన మీద పదిహేను టన్నులకు మించి పోరాదని బోర్డు. కాపలాదారు మంచి మనిషి, వయసులో మనంతే. "ట్రైలరు ఖాళీగా వెళ్ళొచ్చు, మిషను దాని చైన్ల మీద అది నడిచి వెళ్ళొచ్చు, పాత టైర్లు పరచుకోండి, కానీ పదిహేనుకు ఒక్క కిలో ఎక్కువైనా వద్దు" అన్నాడు. వేరే దారి చుట్టూ తిరిగి వెళితే ఇంకో రెండు వంతెనలు, వాటికి పన్నెండట.

బ్లేడు, దాని చేతులు విప్పితే రెండున్నర టన్నులు తగ్గుతుంది. పద్నాలుగున్నరతో దాటొచ్చు. బ్లేడు ట్రైలరు మీద వెనక తెస్తాను. పిన్నులు తుప్పు పట్టి ఉన్నాయి. నూనె పోసి సుత్తితో కొడుతున్నాను. ఒకటి వచ్చింది.

నా ముందటి ఉత్తరం అందిందో లేదో. అందితే ఏమన్నా రాయి. తిట్టయినా సరే. ఇదే బస్సు సోమవారం తిరిగి వస్తుంది.

నీ బావ


ఆగస్టు 31

బావా,

మీ రెండు ఉత్తరాలూ మొన్న ఒకే రోజు అందాయి. మొదటిది పోస్టులో, రెండోది బస్సులో. తప్పుడు వరసలో చదివాను. వంతెన సంగతి ముందు చదివి సంతోషించాను.

పోస్టులో వచ్చింది చదివాక మడిచి జేబులో పెట్టుకుని తవ్వడానికి వెళ్ళాను. ఏం రాయమంటారు. కోపం వస్తుందేమోనని సాయంత్రం దాకా చూశాను. పారతో బురద ఎత్తేస్తుంటే పక్కనుంచి అంతే బురద జారి వస్తోంది. మీ చెల్లెలు తట్టతో మోస్తోంది. కర్రలు పరిచాం, రెండోరోజుకు అవీ కనబడలేదు.

ఇంజనీరమ్మ వచ్చి గడకర్ర మళ్ళీ దింపింది. ఇప్పుడు ముప్పై అయిదంది. ఈసారి నవ్వలేదు. నా వైపు చూడకుండా చెప్పింది.

బ్లేడు విప్పితే మీ పన్నెండున్నర కూడా పదకొండవుతుంది, గుర్తుంచుకోండి. అవతల మళ్ళీ బిగించకుండా రావద్దు. బరువు తీస్తే దాటొచ్చు, లాగలేరు. ఉంచితే లాగొచ్చు, దాటలేరు. ఇది ఎవరికి చెప్పుకోవాలో తెలియటం లేదు.

నీళ్ళు అయిదో గుంజ దగ్గరకొచ్చాయి. వానలు ఎగువన ఎక్కువగా ఉన్నాయట, లెక్క కంటే రెండు రోజులు ముందు రావొచ్చు.

మీ బామ్మర్ది


సెప్టెంబరు 4

బామ్మర్దీ,

పిన్నులన్నీ వచ్చాయి. బ్లేడు విప్పి రోడ్డు పక్కన పడుకోబెట్టాం. ముసలమ్మను వంతెన మొదటి దాకా నడిపాను. కాపలాదారు చేతులు అడ్డం పెట్టాడు. "పద్నాలుగున్నర అని నేనెలా నమ్మేది? మిషను మీద రేకు బిళ్ళ పదిహేడని చెబుతోంది" అన్నాడు. కాటా వేసి చీటీ తెమ్మన్నాడు.

"కాటా ఎక్కడుందయ్యా?" అన్నాను.

"అవతల. వంతెన దాటాక నాలుగు కిలోమీటర్లు."

"దాటకుండా ఎలా వెయ్యను?"

"చీటీ లేకుండా ఎలా దాటనివ్వను?" అన్నాడు. వెటకారంగా కాదు, పాపం అతనూ ఆలోచిస్తూనే అన్నాడు. ఇద్దరం అక్కడే రాయి మీద కూర్చుని ఆలోచించాం. పైఅధికారి రాతపూర్వకంగా ఒప్పుకుంటే చాలట. ఆయన పదకొండో తేదీ దాకా సెలవు. మాట మీద దాటనిమ్మని బతిమాలాను. "ఎన్ని టన్నులని మనుషులు చెప్పేది నమ్మడం మానేశానండీ" అన్నాడు. అతనికి నా సంగతి ఏమీ తెలియదు.

ట్రైలరు డ్రైవరుకు వేరే పని ఉంది, నిన్న వెళ్ళిపోయాడు. బ్లేడు తిరిగి ఎత్తడానికి నాకు క్రేను లేదు, నడుము లేదు. మిషనును వదిలి బస్సెక్కుదామంటే తెల్లారేసరికి దాంట్లో ఇత్తడి మిగలదు. అందుకని కూర్చున్నాను. కాపలాదారు తన గదిలో చోటిచ్చాడు.

పదకొండు దాకా నీళ్ళు ఆగవని నాకు తెలుసు. నువ్వే ఇటు రా. ముసలమ్మకు రెండో మనిషి లేకుండా బ్లేడు ఎక్కదు. ఎక్కాక నువ్వు నడుపు. నేను పిల్ల ఇంజను లేపి పక్కన నిలబడతాను. నాకు సీటు మీద అరగంట కంటే ఎక్కువ కూర్చోవడం ఎలాగూ కావడం లేదు. ఇది నీకేదో ఇచ్చినట్టు అనుకోకు. నా దగ్గర ఇవ్వడానికి ఇది తప్ప లేదు.

నీ బావ


సెప్టెంబరు 7

బావా,

మొన్న నీళ్ళు చైన్ల మీదికి వచ్చాయి. నిన్న పొద్దున సీటు. మధ్యాహ్నానికి పొగగొట్టం జానెడు పైకి ఉంది. ఇవాళ లేదు. చప్పుడేమీ చెయ్యలేదు. బుడగలు కొన్ని వచ్చాయి, అవీ ఆగిపోయాయి. నూనె పొర ఒకటి తేలి ఎండకు రంగులుగా ఉంది.

ముందుగానే దీపం, పిల్ల ఇంజను, నూనె గొట్టాలు విప్పి గట్టుకు చేర్చాను. మీ చెల్లెలు అవన్నీ గుడ్డతో తుడిచి గోనెసంచిలో పెట్టింది.

ఇక్కడివాళ్ళు అడుగుతున్నారు, మీ పద్దెనిమిది బావ రాలేదేం అని. వంతెన ఆపిందని చెప్పాను. బరువు ఎక్కువై ఆపారంటే అందరూ తలలూపారు, అంత బరువున్నది వచ్చి ఉంటే లాగేదే అన్నారు. ఇంజనీరమ్మ కూడా అక్కడే ఉంది. గడకర్ర తీసుకుని గుంజలు చూడటానికి వెళ్ళింది. కాంక్రీటు సంగతి నేను చెప్పలేదు. మీ కోసమని అనుకోకండి. చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి, అంత ఓపిక లేదు.

మేమున్న షెడ్డు ఖాళీ చెయ్యమన్నారు. మీ చెల్లెలు సామాను కట్టేసి గుమ్మం దగ్గర పెట్టింది. నేను పొద్దున గట్టు మీదికి వస్తాను, మధ్యాహ్నం అన్నానికి వెళ్తాను, మళ్ళీ వస్తాను. చూడటానికి నీళ్ళు తప్ప ఏమీ లేవు. వెళ్దామని లేస్తాను. కాళ్ళు అటు పోవడం లేదు.

మీరు రాసింది చదివాను. బ్లేడుకు రెండో మనిషి కావాలన్నది నిజమే. రేపు వంతెన వైపు బస్సు ఉందట. ఎల్లుండి కూడా ఉందట.

మీ బామ్మర్ది